అన్నగారి బండికి తరువాతి తరం గేర్‌బాక్స్

బర్మింగ్‌హామ్ నగరంలోని స్పార్క్‌హిల్ నుండి స్ట్రాట్‌ఫర్డ్ రోడ్డు వెంట దక్షిణంగా సాగితే, ఒకే దారిలో మూడు లోకాలు కనిపిస్తాయి. మొదట మిఠాయి దుకాణాలు, బట్టల కొట్లు, హలాల్ మాంసపు అంగళ్ళు. హాల్ గ్రీన్ చేరేసరికి ముంగిట పచ్చిక పెంచుకున్న ఇళ్ళు. షర్లీ కూడా దాటితే ఇరువైపులా దట్టమైన పొదల కంచెలు, వాటి వెనుక పచ్చిక బయళ్ళు. గత వేసవిలో నేను ఆ దారిన వెళ్ళింది విహారానికి కాదు. మా కుటుంబంలో తలెత్తిన ఒక తగవు తీర్చడానికి.

మా పెద్దన్నగారు యౌవనంలోనే ఉపాధి కోసం అక్కడికి వెళ్ళి స్థిరపడ్డారు. రెండేళ్ళ క్రితం అల్లాహ్ సన్నిధికి చేరుకున్నారు. ఆయన వదిలి వెళ్ళిన వాటిలో 1967 నాటి ల్యాండ్ రోవర్ ఒకటి. దాని దీపాలు ఇంకా ముందు జాలీలోనే, రెండు కళ్ళలా దగ్గరగా ఉంటాయి. ఆ బండి పాత గేర్‌బాక్స్ తీసివేసి, తరువాతి తరం గేర్‌బాక్స్ బిగించాలని ఆయన కుమారుడి కోరిక. అది జరగరాదని వదినగారి పట్టుదల. “చాచా, మీరే వచ్చి అమ్మీకి చెప్పండి” అన్నాడు అబ్బాయి. “భయ్యా, మీరే వచ్చి వాడికి బుద్ధి చెప్పండి” అన్నారు వదినగారు.

ఈ వాహనానికీ ఆ ప్రాంతానికీ విడదీయరాని బంధం ఉంది. షర్లీ పట్టణం సోలిహల్ పరిధిలోనిది. ఆ సోలిహల్‌లోని లోడ్ లేన్ కర్మాగారంలోనే ల్యాండ్ రోవర్ పుట్టింది. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో విమాన ఇంజన్ల కోసం ఆ కర్మాగారాన్ని నిర్మించారు. యుద్ధం ముగిశాక దేశంలో ఉక్కుకు కరవు వచ్చింది. రోవర్ సంస్థ ఇంజనీరు మారిస్ విల్క్స్ తన పొలంలో వాడుతున్న అమెరికా సైనిక జీపును చూసి, అటువంటి బండినే మనమెందుకు చేయరాదని 1947లో ఆలోచించాడు. ఉక్కు దొరకనందున పైభాగానికి బర్మాబ్రైట్ అనే అల్యూమినియం మిశ్రమలోహాన్ని వాడారు. 1948 ఏప్రిల్ 30న ఆమ్‌స్టర్‌డామ్ ప్రదర్శనలో అది లోకం ముందుకు వచ్చింది. 1958లో రెండవ సిరీస్, 1961లో ‘2ఎ’, 1971లో మూడవ సిరీస్ వచ్చాయి. అన్నగారిది ‘2ఎ’.

ఇరుపక్షాల వాదనా విన్నాను. ‘2ఎ’ గేర్‌బాక్స్‌లో మూడవ, నాలుగవ గేర్లకు మాత్రమే సింక్రోమెష్ ఉంటుంది. గేరు పడేముందు శంకువు ఆకారపు వలయం ఒకటి రాపిడితో పళ్ళచక్రాల వేగాన్ని సమం చేస్తుంది, అదే సింక్రోమెష్. అది లేని చోట ఆ పని మనిషే చేయాలి. ఎత్తు ఎక్కుతూ రెండు నుండి ఒకటికి దిగాలంటే క్లచ్ తొక్కి న్యూట్రల్‌కు తేవాలి. క్లచ్ వదిలి యాక్సిలరేటరును కొంచెం నొక్కాలి. మళ్ళీ క్లచ్ తొక్కి గేరు వేయాలి. క్షణం తప్పితే పళ్ళు గరగరమంటాయి. మూడవ సిరీస్‌లో ముందుకు నడిపే నాలుగు గేర్లకూ ఈ ఏర్పాటు ఉంది.

“అబ్బాజాన్ చెయ్యి నాకు రాలేదు చాచా. అమ్మాయికి అసలే రాదు. అరిగిన పళ్ళు ఇంకా అరుగుతున్నాయి. నడపకుండా షెడ్డులో నిలబెడితే తుప్పు తింటుంది” అన్నాడు అబ్బాయి.

వదినగారు చాలాసేపు మౌనంగా ఉండి, ఒక్క మాట చెప్పారు: “వీధి మలుపులో ఆ గేరు గరగరమంటే ఆయన వచ్చారని తెలిసేది. రొట్టె పెనం మీద వేసేదాన్ని.”

దానికి నా వద్ద జవాబు లేదు. తీర్పు వాయిదా వేసి, ముందు పని ఎలా జరుగుతుందో చూద్దామన్నాను. హెన్లీ ఇన్ ఆర్డెన్ పట్టణం సమీపంలో, పొలాల నడుమ పాత ధాన్యపు కొట్టంలో ఒక వృద్ధ మెకానిక్ ఇటువంటి బండ్లనే బాగుచేస్తాడు. ఈ బండిలో గేర్‌బాక్స్ కిందినుండి కాక పైనుండి బయటికి వస్తుందని ఆయన చూపించాడు. సీట్ల కింది పెట్టె, నేల రేకులు, మధ్యనున్న మూత విప్పాలి. ముందు వెనుక ప్రొపెల్లర్ షాఫ్టులను, హ్యాండ్‌బ్రేక్ కడ్డీని విడదీయాలి. ఆపై గేర్‌బాక్స్‌ను, ట్రాన్స్‌ఫర్ బాక్స్‌ను ఒకటిగా గొలుసు క్రేనుతో ఎత్తి తలుపు గుండా తీస్తారు. ఇద్దరు మనుషులు చేతులతో మోయగల బరువు కాదు.

ఆయన మూడు నియమాలు చెప్పాడు. మొదటిది, కొలవనిదే బిగించరాదు. రెండూ ఒకే వంశానివే అయినా గేర్‌బాక్స్ ముందు షాఫ్టు కొన, అది కూర్చునే బుష్, క్లచ్ ప్లేటు సరిపోతాయో లేదో ముందే చూసుకోవాలి. రెండవది, క్లచ్. పాతదానిలో స్లేవ్ సిలిండర్ కడ్డీల ద్వారా క్లచ్‌ను కదిలిస్తుంది. కొత్తదానిలో అది బెల్ హౌసింగ్‌కే బిగించి ఉండి ఫోర్కును నేరుగా తోస్తుంది. కనుక కొత్త హౌసింగ్‌తోపాటు దాని సిలిండరు, గొట్టం కూడా అమర్చాలి. మూడవది, చాసిస్‌ను ఎక్కడా కోయరాదు, కొత్త రంధ్రం వేయరాదు. “రేపు ఎవరైనా పాతదే కావాలంటే, ఒక్క మచ్చ లేకుండా తిరిగి బిగించగలగాలి” అన్నాడు.

ఆ మూడవ నియమమే మా తగవును తీర్చింది. పాత గేర్‌బాక్స్‌ను అమ్మకూడదనీ, శుభ్రపరచి, నూనె పట్టించి, నట్లూ బోల్టులూ సంచిలో కట్టి, చీటీ అంటించి ఇంట్లోనే భద్రపరచాలనీ అన్నాను. బీమా సంస్థకు మార్పు సంగతి తెలియజేయాలని కూడా షరతు పెట్టాను. వదినగారు తల ఊపారు. అది పూర్తి సమ్మతి కాదని నాకు తెలుసు.

పని ముగియడానికి రెండు వారాలు పట్టింది. కొనేముందు అబ్బాయి ఆ గేర్‌బాక్స్ పాత నూనెను ఒంపి, లోహపు రజను ఉందేమో చూశాడు. పాత లివర్ పైనున్న అరిగిన నల్లని పిడిని ఊడదీసి తల్లి చేతికిచ్చాడు. ఆమె దానిని కొంగుతో తుడిచి, అన్నగారి కళ్ళజోడు ఉన్న పెట్టెలో ఉంచారు.

ఆ ఆదివారం మనుమరాలు బండిని ఇంటికి నడుపుకొని వచ్చింది. నేను పక్కన కూర్చున్నాను. ఎత్తు మీద ఆమె రెండు నుండి ఒకటికి దిగింది. ఏ శబ్దమూ రాలేదు. పందొమ్మిదేళ్ళ పిల్ల ముఖంలో నేను అన్నగారి నవ్వు చూశాను.

ఇల్లు చేరేసరికి వదినగారు వంటింట్లో ఉన్నారు. తలుపు తట్టేదాకా మేము వచ్చినట్లు ఆమెకు తెలియలేదు. “వినబడలేదమ్మా” అన్నారు మెల్లగా. పిల్లకు ఆ మాట అర్థమైంది. “ఇకమీదట మలుపు తిరిగేటప్పుడు హారన్ కొడతాను, దాదీ” అన్నది.

నేను తిరిగి వచ్చేదాకా, ప్రతి సాయంత్రం ఆ మలుపులో రెండుసార్లు హారన్ మోగేది. వదినగారు పెనం పొయ్యి మీద పెట్టేవారు.