బండమీద సముద్రం

బోరబండ పేరులోనే బండ ఉంది. సముద్రమట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తున ఉన్న హైదరాబాదులో, జూబ్లీహిల్స్‌కు పొరుగున వెలసిన పేట అది. రైలు దిగి సందుల్లో పడితే ఇంటిమీద ఇల్లు, మెట్ల పక్కన మెట్లు. అటువంటి చోట సముద్రాన్ని కాపురం పెట్టించాలని మా బావకు బుద్ధి పుట్టింది.

అతనికక్కడ మేడ ఉంది. పైహాల్లో ఆరడుగుల పొడవు, రెండేసి అడుగుల వెడల్పు, ఎత్తు గల గాజుతొట్టి కట్టించి సముద్రపు చేపల్ని పెంచుతాడట.

"తొట్టి ఎంత పెద్దదైతే అంత మంచిదంటారు కదా, బావగారూ!" అన్నాడు.

నిజమే. చిన్న తొట్టిలో కాసిని నీళ్ళు ఆవిరైతే చాలు, ఉప్పదనం పెరిగి చేపలు తల్లడిల్లిపోతాయి. పెద్ద తొట్టిలో ఏ మార్పయినా నెమ్మదిగా వస్తుంది. కాని ఆ నీళ్ళను మోయవలసింది ఇల్లు!

పాఠకులు విసుక్కోకపోతే చిన్న లెక్క. ఆ తొట్టి 24 ఘనపుటడుగులు. ఘనపుటడుగుకు 28 లీటర్ల పైచిలుకు. వెరసి సుమారు 680 లీటర్లు. ఉప్పునీరు లీటరు కిలోకు కాస్త ఎక్కువే తూగుతుంది. గాజు, రాళ్ళు, ఇసుక, బల్ల కలిపితే టన్నుకు చేరువ. ఇళ్ళలో శ్లాబును మామూలుగా చదరపు మీటరుకు 200 కిలోల బరువుకు లెక్కగడతారు. ఈ తొట్టి మోపేది దానికి నాలుగింతలు.

"ఈ హాలు కింద గదిలో ఎవరుంటారు?" అన్నాను.

"అమ్మ" అన్నాడు. మరి మాట్లాడలేదు.

ఖర్చూ ఉంది. మన వేసవి ఎండ 40 డిగ్రీలు. ఆ చేపలకు నీళ్ళు 25 డిగ్రీల దాపున ఉండాలి. తొట్టి పెరిగినకొద్దీ చల్లబరిచే యంత్రమూ, కరెంటు బిల్లూ పెరుగుతాయి. ఎత్తు రెండడుగులు దాటితే అడుగున శుభ్రం చేయడానికి చెయ్యి అందదు. నీటి ఒత్తిడికి గాజూ మందంగా ఉండాలి.

"మరి పగడాలో?" అన్నాడు బావ.

మన సముద్రాల్లో దిబ్బలు కట్టే పగడాలకు వన్యప్రాణి సంరక్షణ చట్టం 2001లో పులితో సమానమైన రక్షణ ఇచ్చింది. వాటిని తీయడమూ, అమ్మడమూ, కొనడమూ నేరమే. కనుక చేపలతోనే తృప్తిపడాలి.

చివరికి కింద గదిలో, నేలమీద, నాలుగడుగుల తొట్టి ఖాయమైంది. రమారమి 450 లీటర్లు. దూరంగా ఈదులాడే నీలిరంగు సర్జన్ చేపకు అది చాలదు గాని, క్లౌన్ చేపల జంటకు పుష్కలం.

అత్తయ్యగారు అంతా విని, "ఒరే, నా మంచానికి ఎదురుగా పెట్టించరా. నిద్రపట్టని రాత్రుళ్ళు చూస్తూ పడుకుంటాను" అన్నారు.

బావ టేపు తీసుకుని గోడ కొలవడం మొదలుపెట్టాడు.