లివర్‌పూలులో మేము విన్న చర్చ

ఇంగ్లాండు దేశమునకు వాయవ్యభాగమున, మెర్సీ నది సముద్రములో గలియుచోట లివర్‌పూలు పట్టణము కలదు. ఓడల రాకపోకలచేత నొకప్పుడు లోకమంతట పేరుగాంచిన రేవు అది. మేము 2024 ఏప్రిలు మొదటి వారమున లండనులో రైలెక్కి లైమ్ స్ట్రీటు స్టేషనులో దిగితిమి. నదియొడ్డును, పాతరేవుల యెఱ్ఱయిటుకల గిడ్డంగులను, పట్టణమందలి రెండు గొప్ప క్రైస్తవాలయములను జూచి మరలవలెనని మా సంకల్పము. కాని బస్సులోను, అంగడిలోను, హోటలు మెట్లమీదను మాకొక్క మాటయే వినవచ్చుచుండెను. క్లోపు వెడలిపోవుచున్నాడు, ఇక వచ్చువా డెవడు?

సోదరీమణులకు ఈ సంగతి కొంచెము విప్పి చెప్పవలెను. మనవైపు మేనేజరనగా లెక్కలును, కాగితములును జూచు నుద్యోగి. ఇంగ్లాండులో ఫుట్‌బాలు క్లబ్బు మేనేజరు అట్టివాడు గాడు. ఏ దినమున ఏ పదునొకండుగు రాడవలెనో, ఎట్లాడవలెనో నిర్ణయించువా డతడే. ఆటగాండ్రను మందలించువాడును, ఊరడించువాడును అతడే. గెలిచిననాడు ఊరు అతనిని నెత్తిన బెట్టుకొనును. వరుసగా నోడిన నుద్యోగ మూడును. జర్మను దేశీయుడగు యూర్గెన్ క్లోపు 2015 అక్టోబరులో లివర్‌పూలు క్లబ్బునకు మేనేజరుగా వచ్చెను. 2019లో యూరపుఖండపు కప్పును, 2020లో ముప్పది యేండ్లుగా చేజిక్కని ఇంగ్లీషు లీగును గెలిపించెను. అట్టివాడు 2024 జనవరి 26వ తేదీన, తన శక్తి తరిగిపోవుచున్నదనియు, ఆ యేటి పందెములు ముగియగనే సెలవు పుచ్చుకొందుననియు ప్రకటించెను. ఊరిలో పలువురు కంటనీరు పెట్టుకొనిరట.

మరునాడు మేము ఆన్‌ఫీల్డు పేటకు బోయితిమి. ఒకదానినొకటి యానుకొనియున్న చిన్న యిటుకయిండ్ల వరుసలు. అక్కడక్కడ గోడలపై ఆటగాండ్ర నిలువెత్తు చిత్తరువులు. ఆ వీథుల నడుమ కొండవలె లేచియున్న ఆటస్థలము. మొదట నిచ్చట నాడినవారు ఎవర్టను క్లబ్బువారు. స్థలపు యజమానియగు జాన్ హోల్డింగుతో అద్దె మొదలగు విషయములలో తగవు వచ్చి, వారు 1892లో స్టాన్లీ పార్కున కావలిప్రక్కనున్న గుడిసన్ పార్కునకు తరలిపోయిరి. ఖాళీపడిన స్థలమునకై హోల్డింగు పుట్టించినదే లివర్‌పూలు క్లబ్బు. నాటినుండి ఊరు రెండు రంగులైనది. ఒకే తల్లికడుపున బుట్టిన అన్నదమ్ములలో ఒకడు ఎఱుపు, ఒకడు నీలము తొడుగుకొనుట అచ్చట వింతగాదు.

ఆటస్థలమున ఒకవైపునున్న కట్టడమును కాప్ అందురు. ఆ పేరు విన్నప్పుడు మా మనస్సు ఎక్కడికో పోయెను. దక్షిణాఫ్రికాలోని నేటాలునందు స్పియాన్ కాప్ అను గుట్ట కలదు. 1900 జనవరిలో బోయరులతో జరిగిన యుద్ధమున నచ్చట లాంకషైరు పటాలములవా రనేకులు మడిసిరి. వారిలో లివర్‌పూలు బిడ్డలు పెక్కుమంది. వారి స్మృతికై 1906లో కట్టిన మెట్లవరుసల దిబ్బకు ఆ గుట్టపేరు పెట్టిరి. ఆ యుద్ధభూమినుండి గాయపడినవారిని డోలీలలో మోసినవారిలో గాంధీగారి భారతీయ సేవాదళము గలదు. దళమున హెచ్చుమంది ఒప్పందపు కూలీలు. నాడు మద్రాసు రేవునుండి నేటాలునకు బోయిన కూలీలలో మన తెలుగువారును అనేకులుండిరి. ఏ గుట్ట ఏ యూరి కెక్కడ ముడిపడునో యెవరెఱుగుదురు!

కాప్ వెనుకనున్న వీథిలో నొక చిన్న టీకొట్టు. అందు అమ్మమ్మ, కూతురు, మనుమడు, మూడు తరములవారు ఒక బల్లచుట్టు కూర్చుండి వాదించుకొనుచుండిరి. మేము చోటడుగగా జరిగి కూర్చుండిరి. మాతోడను చర్చ సాగించిరి. మనుమని మనస్సంతయు స్పెయిను దేశీయుడగు షాబి అలాన్సో మీదనుండెను. అతడు 2004 మొదలు 2009 వఱకు ఈ క్లబ్బులోనే యాడినవాడు. 2005లో ఇస్తాంబూలునందు మూడు గోలులు వెనుకబడిన జట్టు తిరిగి సమానమై కప్పు గెలిచిననాడు, ఆ మూడవ గోలు కొట్టినవా డతడే. అప్పుడు జర్మనీలో లెవర్కూజెను జట్టును ఓటమి యెఱుగక నడుపుచుండెను. కాని మేము వచ్చుటకు కొలదిదినముల ముందే, మార్చి 29న, తానున్నచోటనే యుందునని అతడు చెప్పివేసెను. కూతురు లిస్బనులోని స్పోర్టింగు క్లబ్బు మేనేజరైన రూబెన్ అమోరిముని పక్షము. ప్రక్కబల్లమీద నొకడు ఎవరినైనను సరే, తొందరపడి తేవలదనుచుండెను.

మీ మాట యజమానులు విందురా యని మేమడిగితిమి. 2010 మొదలు ఆ క్లబ్బు అమెరికా కంపెనీవారిది. ఎన్నిక వారిది, అభిమానులకు వోటు లేదు. దానికి కూతురు చెప్పిన జవాబు మాకు జ్ఞాపకమున్నది. 2016 ఫిబ్రవరిలో టిక్కెట్టు వెల 77 పౌనులు చేయుదుమని యజమానులనగా, ఆట 77వ నిమిషమున వేలకొలది జనులు లేచి బయటకు నడచిరి. కొలదిదినములలో యజమానులు క్షమాపణ చెప్పి ఆ వెల మానుకొనిరి. మేనేజరును తెచ్చుట మా వశము గాదు, మేము మాటాడుకొనకుండ నుండుటయు మా వశము గాదు, అని ఆమె నవ్వెను.

అమ్మమ్మ అంతవఱకు ఎవరి పేరును చెప్పలేదు. ఆమె 1974వ సంవత్సరపు మాట యెత్తెను. రెండవ తరగతిలో పడియున్న క్లబ్బును 1959లో చేపట్టి పైకి దెచ్చినవాడు బిల్ షాంక్లీ. 1974 జూలైలో ఆయన హఠాత్తుగా విరమించెను. అప్పుడును ఊరంతయు ఇదే ప్రశ్న. వచ్చినవాడు ఆయన సహాయకుడే, బాబ్ పైస్లీ. 1939లో క్లబ్బులో చేరినవాడు, మితభాషి, ఆ పదవిని కోరనివాడు. అతడు తొమ్మిదేండ్లలో ఆరు లీగులును, మూడు యూరపు కప్పులును గెలిచెను. షాంక్లీ మాత్రము ఇంట నుండలేకపోయెను. అభ్యాసస్థలమునకు వచ్చుచుండెను, ఆటగాండ్రు వెనుకటివలెనే ఆయనను యజమానీ యని పిలుచుచుండిరి. ఇది క్రొత్తవానికి చిక్కని క్లబ్బువారు తలచిరి. ఆయన రాక నిలిచిపోయెను. తాను పెంచిన యింటనే పరాయివాడనైతినను బాధ ఆయనను విడువలేదు. 1981లో ఆయన మరణించెను. మరుసటియేట ఆయనపేర నిలిపిన గేటు తాళము తీసినది ఆయన భార్య నెస్సీ. ఎవడు వచ్చునో యని మీరందఱు వాదించుచున్నారు, పోవువాని నెట్లు పంపవలెనో యెవరైన తలచితిరా, అని అమ్మమ్మ మనుమని జూచి యడిగెను. బల్లయొద్ద ఒకింతసేపు ఎవరును మాటాడలేదు.

టీకొట్టు విడిచి ఆటస్థలము చుట్టు నడచితిమి. షాంక్లీ విగ్రహము చేతులు చాచి నిలిచియున్నది. కాలు నొచ్చిన ఆటగానిని వీపున మోసికొనిపోవుచున్నట్లు పైస్లీ విగ్రహము 2020లో నిలిపిరి. ఒక గోడపై 97 పేర్లు, వానియొద్ద ఆరని దీపము. 1989 ఏప్రిలు 15న షెఫీల్డులోని హిల్స్‌బరో ఆటస్థలమున త్రొక్కిడిచేత కలిగిన మరణము లవి. నేరము అభిమానులదేయని పోలీసులు చెప్పిరి. ఆన్ విలియమ్సు అను తల్లి పదునైదేండ్ల కొడుకును బోగొట్టుకొని, సత్యమునకై జీవితాంతము పోరాడి 2013లో మరణించెను. 2016లో జూరీవారు అభిమానుల తప్పు లేదనియు, అది అన్యాయమరణమనియు తీర్పు చెప్పిరి. నాటి మేనేజరు కెన్నీ డాల్గ్లిషును, ఆయన భార్య మెరీనాయును ఆ కుటుంబములను ఓదార్చిరి. ఆయన ఎన్నో అంత్యక్రియలకు బోయెను. ఆ భారము మోసి 1991లో ఉద్యోగము విడిచెను. ఆ యూరివారు మేనేజరునందు ఆటనేర్పు మాత్రమే వెదకకుండుట కిదియే కారణము.

వారి కోరిక యొకసారి నెఱవేరినది గూడ. 2010లో రాయ్ హాడ్జ్‌సను మేనేజరు కాగా, అభిమానులు ఆటస్థలమున డాల్గ్లిషు పేరే పాడిరి. 2011 జనవరిలో ఆయన మరల వచ్చెను. ఒక కప్పు గెలిచినను లీగునందు ఎనిమిదవ స్థానమునకు దిగి, 2012 మేలో తొలగింపబడెను. కోరినవాడు వచ్చినంతమాత్రమున కోరినది రాదు.

మేము వచ్చిన పిమ్మట నెలతిరుగకుండగనే, రాటర్డాములోని ఫేయనోర్డు క్లబ్బు మేనేజరు ఆర్నె స్లాట్ పేరు ఖాయమైనది. టీకొట్టులో ఆ పేరు ఎవరును ఎత్తలేదు. 2024 మే 19న క్లోపు కడపటి ఆట. ముగిసినపిమ్మట ఆయన మైదానమున నిలిచి, ఇంకను రాని క్రొత్తవాని పేరు తానే యెత్తి పాడి, జనముచేత పాడించెను. మరుసటియేట, 2025 ఏప్రిలు 27న, అదే స్థలమున స్లాట్ జట్టు లీగు గెలిచెను.

మన యిండ్లలోను తాళపుచెవులు ఒక చేతినుండి వేఱొక చేతికి మాఱు దినము వచ్చును. అత్త చెవులిచ్చియు వంటయింటి గడప విడువలేకపోవుట, కోడలు వచ్చియు పొరుగుపిల్లగానే యుండిపోవుట మన మెఱుగని కథలు గావు. ఎవరు రావలెనో నిర్ణయించుట పలుమాఱులు మన చేతిలో నుండదు. పోవువారిని గౌరవముతో సాగనంపుట, వచ్చినవారిని పేరుపెట్టి పిలుచుట మాత్రము మన చేతిలోనున్నవి. క్లోపు ఆ సాయంకాలము చేసినది అదియే. టీకొట్టులోని అమ్మమ్మ ఆ పాట వినియుండునని మా నమ్మకము.