డోర్నకల్ - మూడు దారుల ఊరు

పిల్లలూ! సికింద్రాబాదు నుంచి విజయవాడకు వెళ్ళే రైలెక్కితే, వరంగల్లూ మహబూబాబాదూ దాటాక డోర్నకల్ జంక్షన్ వస్తుంది. ఊరు చిన్నదే. కాని అందులోకి ఎవరెవరు వచ్చి చేరారో తెలుసుకుంటే మీకు ఆశ్చర్యం కలుగుతుంది.

1871లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు ఇల్లెందు ప్రాంతంలో నేలబొగ్గు ఉన్నదని కనుక్కున్నాడు. అప్పుడిది నైజాము రాజ్యం. 1889 నాటికి రైలుదారి బెజవాడ చేరింది. బొగ్గుగనులకు పోయే దారి డోర్నకల్ వద్ద చీలింది. ఆ విధంగా ఊరికి మూడు దారులు ఏర్పడ్డాయి: ఒకటి కాజీపేటకు, ఒకటి విజయవాడకు, ఒకటి గనులవైపు. ఈ మూడో దారినే నేడు కొత్తగూడెం వెళతాం. ఆ స్టేషను పేరు భద్రాచలం రోడ్. పేరు చూసి గుడి పక్కనే ఉంటుందనుకోకండి! రాములవారి గుడి గోదావరి అవతల ఉన్నది.

రైలు రాకముందు సరుకులు మోసిందెవరు? లంబాడీలు. ఎద్దులమీద ఉప్పూ, ధాన్యమూ వేసుకుని దేశమంతా తిరిగేవారు. రైళ్ళు వచ్చి వారి వృత్తిని పోగొట్టాయి. వారిలో చాలామంది తండాలు కట్టుకుని సేద్యంలో దిగారు. డోర్నకల్ చుట్టుపట్ల ఇప్పటికీ తండాలు చాలా ఉన్నాయి. రైలు కొందరికి బతుకుతెరువు ఇచ్చింది, కొందరికి ఉన్నది తీసేసింది. ఈ రెండూ మనం గుర్తుంచుకోవాలి.

తిరునెల్వేలి ప్రాంతంనుంచి వి. ఎస్. అజరయ్యగారు వచ్చారు. ఆయన మాతృభాష తమిళం; ఇక్కడివారికోసం తెలుగు నేర్చుకున్నారు. 1912లో డోర్నకల్ బిషప్పు అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి పొందిన మొదటి భారతీయుడు ఆయనే. ఏళ్ళ తరబడి కట్టిన పెద్ద చర్చి 1939 జనవరి 6న ప్రారంభమయింది. దానిలో గుడి స్తంభాలూ, మసీదు గుమ్మటాలూ పోలిన పనితనం కనిపిస్తుంది. ఇరుగుపొరుగువారి కట్టడాల అందమంతా అందులో చేరింది.

2016లో ఈ ఊరు వరంగల్లు నుంచి విడిపడి మహబూబాబాదు జిల్లాలో చేరింది.

జనాభా లెక్క ఊళ్ళో ఎందరున్నారో చెబుతుంది. వారు ఎందుకు వచ్చారో, దేనిని పోగొట్టుకుని వచ్చారో పెద్దలే చెప్పాలి. మీ వీధిలో నాలుగిళ్ళవారిని అడిగి, వారు చెప్పినది ఒక నోటుబుక్కులో రాసిపెట్టండి. మీ ఊరి చరిత్రకు అదే మొదటి పుట.