రిపోర్టులన్నీ నార్మలే

యాభై దాటినవాళ్ళలో దిగులు తన పేరు చెప్పుకొని నా దగ్గరికి రాదు. గుండె దడ, అరికాళ్ళ మంటలు, కడుపుబ్బరం, తల దిమ్ము అంటూ వస్తుంది. పాతికేళ్ళ కుర్రాడు కూర్చుంటూనే "డిప్రెషన్‌లో ఉన్నాను డాక్టర్" అని చెప్పేస్తాడు. అతని తల్లి మాత్రం "నాకేం దిగులండీ? కాస్త నీరసం, అంతే" అంటుంది.

ఆ మధ్య ఒకావిడ భర్తతో కలిసి వచ్చారు. యాభై అయిదేళ్ళుంటాయి. చేతిలో బట్టల షాపు సంచి, దాని నిండా రిపోర్టులు. ఈసీజీ, టూడీ ఎకో, ఎండోస్కోపీ, మెదడు ఎమ్మారై. ఒక్కొక్కటీ తీసి, మడతలు సరిచేసి, తేదీల వరసలో బల్ల మీద పెట్టారు. "అన్నీ నార్మలే అంటున్నారండి. మరి తెల్లవారుజామున మూడింటికి మెలకువొచ్చి గుండె ఎందుకు కొట్టుకుంటోంది?"

ఇంట్లో ఎవరెవరుంటారమ్మా అని అడిగాను. "నేనూ, ఆయనా. మా అత్తగారు పోయి ఏడాది కావస్తోంది." పక్షవాతంతో మంచాన పడ్డ ఆ పెద్దావిడకి స్నానం, జావ, మందులు ఏళ్ళ తరబడి ఈవిడే చూశారు. "ఆవిడ ఉన్నన్నాళ్ళూ నాకెప్పుడు తెరిపి దొరుకుతుందా అనుకునేదాన్ని. ఇప్పుడు తెల్లారితే ఎందుకు లేవాలో తెలియడం లేదండి" అని కొంగు నోటికడ్డం పెట్టుకున్నారు. ఆ మాట భర్త కూడా అప్పుడే మొదటిసారి వింటున్నారని ఆయన ముఖమే చెప్పింది.

థైరాయిడ్, బీ12, హీమోగ్లోబిన్ పరీక్షలు మాత్రం రాశాను. వాటిలో తేడా ఉన్నా ఇలాంటి నీరసమే ఉంటుంది కాబట్టి చూడక తప్పదు. అవీ బాగానే ఉన్నాయి. ఇది డిప్రెషన్ అనీ, దీనికి మందుందనీ చెప్పాను. మందు గుణం కనిపించడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. ఈలోపే కడుపులో తిప్పుతోందనో, అలవాటైపోతుందనో చాలామంది ఆపేస్తారు. నిజానికి అలవాటయ్యేవి ఈ మందులు కావు. చీటీ లేకుండా మందుల షాపులో కొని ఏళ్ళకేళ్ళు వేసుకునే ఆల్ప్రజోలం లాంటి నిద్రమాత్రలు. ఆ మత్తులో రాత్రి బాత్రూముకి లేచి పడిపోయి తుంటి ఎముక విరిగిన పెద్దవాళ్ళను చూస్తూనే ఉన్నాను. అలాగని వాటిని ఒక్కసారిగా మానేయడమూ ప్రమాదమే. డాక్టరు చెప్పినట్టు కొద్దికొద్దిగా తగ్గించుకోవాలి.

ఆవిడ ఇప్పుడు పక్క వీధిలో పక్షవాతం వచ్చినాయన ఇంటికి వెళ్ళి, ఒంటికి పుండ్లు పడకుండా ఎలా పక్కకి తిప్పాలో ఆ ఇంటి కోడలికి నేర్పుతున్నారు. నేను రాసిన మందుకి ఎంత పేరొస్తుందో ఈ పనికీ అంతే రావాలి.

ఇంకొకరు రిటైరైన మాస్టారు. "మతిమరుపు జబ్బేమో చూడండి సార్" అని కొడుకు తీసుకొచ్చాడు. ఏదడిగినా "తెలీదు, గుర్తులేదు" అనేవారు మాస్టారు. ఇక్కడే డాక్టరు ఆగి చూడాలి. మతిమరుపు జబ్బున్నవాళ్ళు చాలామంది మరుపును కప్పిపుచ్చుకుంటూ ఏదో ఒక జవాబు చెబుతారు. దిగులులో ఉన్నవాళ్ళు ప్రయత్నించకుండానే వదిలేస్తారు, తమ మరుపును తామే పెద్దది చేసి చెప్పుకుంటారు. పరీక్ష చేస్తే మాస్టారికి చెవులు సరిగా వినిపించడం లేదని కూడా తేలింది. నలుగురిలో కూర్చుంటే మాటలు అందక, అరుగు మీదికి రావడమే మానేశారట. వినికిడి మిషన్, దిగులుకి మందు రెండూ మొదలుపెట్టాం. కొన్నాళ్ళకు పేపరు చదివి మళ్ళీ వాదనకు దిగుతున్నారని కొడుకు సంతోషంగా చెప్పాడు. అందరికీ ఇలా కుదరదు. కొందరిలో ఆ దిగులే మతిమరుపు జబ్బుకి తొలి గుర్తు కావచ్చు. అందుకే మందిచ్చి ఊరుకోకుండా జ్ఞాపకశక్తిని మళ్ళీ మళ్ళీ చూస్తుండాలి.

"వయసైపోయింది కదండీ, మామూలే" అన్న మాట వింటే నాకు బాధేస్తుంది. మోకాళ్ళు అరగడం వయసు. బతుకు మీద ఆశ పోవడం వయసు కాదు, జబ్బు.

"నేను పోతే మీకు పీడ విరగడవుతుంది" అని పెద్దవాళ్ళంటే, అవేం మాటలని నోరు మూయించకండి. పక్కన కూర్చుని, నిజంగా చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగండి. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలకండి. పురుగుమందు డబ్బాలు, నిద్రమాత్రలు వాళ్ళకు అందకుండా తీసేసి ఆరోజే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. అర్ధరాత్రయినా 14416కి ఫోన్ చేయొచ్చు. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలీ మానస్ నంబరది. డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడవచ్చు. మీ ఫోన్లోనూ, మీ అమ్మానాన్నల ఫోన్లలోనూ ఈ నంబరు ఈరోజే వేసి పెట్టుకోండి.