గృహిణులును ఆంపియరును

మానిక, సోల, తవ్వ, గిద్ద యను కొలతలు మన సోదరీమణులకు వెన్నతో పెట్టిన విద్య. ఇంటి కరెంటు కొలతల మాట వచ్చునప్పటికి మాత్రము, అవి మగవారి సంగతులని తొలగిపోవుదుము. మిక్సీని, ఇండక్షను పొయ్యిని, ఇస్త్రీపెట్టెను దినమెల్ల ముట్టునవి మన చేతులే గదా!

మేడమీది తొట్టినుండి నీరు దిగునట్లు కరెంటును త్రోయు ఒత్తిడి వోల్టు. తీగలో పాఱు ధార ఆంపియరు. ఆ ధారకు గలుగు అడ్డంకి ఓము. వోల్టులను ఓములతో భాగించిన ఆంపియర్లు వచ్చునని జర్మనీ దేశపు ఓము అను నాయన 1827లో ప్రకటించెను. ఆయన బడిపంతులుగా నుండెనని విని మాకు కొంత గర్వము కలిగినది. మన పూర్వులు కొలతలకు యవగింజ పేరును, వ్రేలి పేరును పెట్టిరి. వీరు మనుష్యుల పేళ్లు పెట్టుకొనిరి.

బిల్లునకు వలయునది వాటు. వేయి వాట్లు ఒక గంట వాడిన ఒక యూనిట్టు. 9 వాట్ల ఎల్.ఇ.డి. దీపము ఒక యూనిట్టుతో 111 గంటలు వెలుగును. 2000 వాట్ల గీజరు దానిని అరగంటలో త్రాగివేయును. ఇంతమట్టుకు చాలమంది యెఱుగుదురు. ప్రాణముతో పని గల ఆంపియరును మాత్రము ఎవరును అడుగరు. మన యిండ్లకు వచ్చునది 230 వోల్టులు. పరికరముపై వ్రాసియున్న వాట్లను 230తో భాగించిన ఆంపియర్లు తెలియును.

గడచిన సంక్రాంతికి మా వీధిలో ఒకరి యిల్లు చుట్టములతో నిండినది. 6 ఆంపియర్ల చిన్న ప్లగ్గునుండి పొడుగుతీగ బోర్డొకటి లాగి, దానిపై 2000 వాట్ల ఇండక్షను పొయ్యియు, 1500 వాట్ల కెటిలును పెట్టిరి. లెక్కింపుడు: 15 ఆంపియర్లు దాటినది! ధార రెండింతలైన వేడి నాలుగింతలగును గనుక, ఆ ప్లగ్గున వేడి ఓర్వదగినదానికి ఆఱింతలు మించినది. ఎం.సి.బి. మాటిమాటికి పడిపోవుచుండెను. వచ్చిన పనివాడు "పెద్దది వేసేస్తానమ్మా, ఇంక పడదు" అనెను. పెద్ద ఎం.సి.బి. వేసినంత మాత్రమున గోడలోని తీగ లావగునా? కావలివాడు కేకలు వేయుచున్నాడని వానిని నిద్రపుచ్చుట గాక యిది మఱేమి? ఆ యింటి కోడలు ఒప్పుకొనక, పొయ్యిని వంటయింటి 16 ఆంపియర్ల పెద్ద ప్లగ్గునకు మార్పించినది. పండుగపూట ఈ సవరణలేమని అత్తగారు గొణిగిరట. ఆ బోర్డును మేము చూచితిమి. రంధ్రముల చుట్టు ప్లాస్టికు మాడి, కమురువాసన కొట్టుచున్నది.

మన దేహమునకును ఓములు గలవు. చర్మము పొడిగా నున్నప్పుడు హెచ్చు. తడిసినప్పుడు మిక్కిలి తగ్గును. అవి తగ్గిన కొలది ఆంపియర్లు పెరుగును. తడిచేతితో మీట ముట్టవద్దని అమ్మలు కసరుట ఓము సూత్రమే. ఆంపియరులో వేయింట ముప్పదివంతులు దారితప్పి నేలకు పోయినచో తటాలున కరెంటు నాపు ఆర్.సి.సి.బి. యను సాధనము గలదు. ఎం.సి.బి. తీగలను కాచును, ఇది మనుష్యులను కాచును. గీజరున్న యింట ఇది లేకుండుట మాకు సమ్మతము గాదు. దానిపై చిన్న పరీక్షమీట యొకటి యుండును. అప్పుడప్పుడు దానిని నొక్కి చూడుడు. దీపములాఱినచో సాధనము సరిగా నున్నట్లు. ఆఱనిచో ఆ దినమే తెలిసిన పనివానిని పిలిపింపుడు.