మళ్లీ చూస్తే భీం వేరేగా కనిపించిండు



పోస్ట్ కొంచెం పొడుగు అయితది, తీరిక దొరికినప్పుడు చదవండి. ఒకే సినిమాను మళ్లీ చూస్తే మన అభిప్రాయం ఎందుకు మారుతది అన్నది చాలా రోజుల నుంచి నా మనసుల తిరుగుతున్నది. సినిమాలో ఒక్క సీను కూడా మారదు. మనం మాత్రం మధ్యలో ఏవో చదువుతం, ఎక్కడికో పోతం, ఎవరితోనో మాట్లాడుతం. అవన్నీ కండ్లల్లో పెట్టుకొని మళ్లీ వచ్చి కూర్చుంటం. నాకు ఇది ఆర్ఆర్ఆర్ విషయంలో బాగా తెలిసొచ్చింది.

2022 మార్చిలో ఆ సినిమా వచ్చినప్పుడు నేను ఇంటర్ చదువుతున్న. హాస్టల్ పోరలం పదకొండు మందిమి రెండు ఆటోల పోయినం. పులి సీనుకు అరిచి అరిచి నా గొంతు పోయింది. కొరడా దెబ్బలు తింటూ భీం పాడుతుంటే మా వరుసలో ఎవ్వరూ మాట్లాడలేదు. గోండు అన్న మాట అంత పెద్ద తెర మీద వినడం నాకు అదే మొదటిసారి. మనోళ్లు కానోళ్లు కూడా భీం పేరుకు ఈలలు వేసిండ్రు. అప్పటిదాకా కాలేజీల ఎవరైనా మీది ఏ ఊరు అంటే మండలం పేరు చెప్పి ఊకునేటోళ్లం. ఆ వారం మాత్రం "మాది కొమురం భీం జిల్లా" అని గట్టిగా చెప్పినం. ఆ సంబురం నిజమైనది. ఇయ్యాల కూడా దాన్ని నేను తక్కువ చేసి మాట్లాడ.

రెండోసారి డిగ్రీల చేరినంక హాస్టల్ టీవీలో చూసిన. ఈ నడుమ జోడేఘాట్ మ్యూజియం చూసొచ్చిన. లైబ్రరీల అల్లం రాజయ్య, సాహు కలిసి రాసిన "కొమురం భీం" నవల చదివిన. అందుకే ఈసారి పులి మీద కంటే వేరే వాటి మీద చూపు పడ్డది.

సినిమాలో శత్రువు ఢిల్లీల ఉన్న బ్రిటిష్ దొర. మన భీం కొట్లాడింది నిజాం సర్కారుతోని. పశువుల మేతకు పన్ను, పొయ్యిల కట్టెకు పన్ను, సాగు చేసుకున్న భూమి మీద జంగ్లాతోళ్ల జులుం, వీటి మీద 12 గూడేలను కూడగట్టిండు. 1940ల జోడేఘాట్ గుట్టల మీద తుపాకీ గుండ్లకు నేలకొరిగిండు. అల్లూరి సీతారామరాజు 1922ల చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీస్ స్టేషన్ల మీద దాడి చేసి, 1924ల అమరుడైండు. ఇద్దరి దోస్తానా కల్పన అని సినిమా తీసినోళ్లే చెప్పిండ్రు. కథ కాబట్టి దాని మీద నాకు కొట్లాట లేదు.

నాకు ముల్లు లెక్క గుచ్చుకున్నది ఇంకోటి. రామ్ ఆశయం ఏందో సీత చెప్పినప్పుడు భీం ఏడుస్తడు. నేను ఒక పిల్ల కోసం వచ్చిన, ఆయన దేశం కోసం వచ్చిండు, అడవోడిని నాకు అర్థం కాలే అన్నట్టు మాట్లాడుతడు. మొదటిసారి అది వాళ్ల దోస్తానా గొప్పతనం లెక్క అనిపించింది. రెండోసారి ఆ "అడవోడు" అన్న కాడ ఆగిపోయిన. ఆఖర్ల నీకేం కావాలె అని రామ్ అడిగితే భీం చదువు అడుగుతడు. జల్ జంగల్ జమీన్ అన్న మాట రాసేది కూడా రామే. అది ఎవరి నినాదమో మనందరికీ తెలుసు.

మూడోసారి పోయిన సెలవుల్ల ఇంటికాడ ఫోన్ల పెట్టిన. ఆశ్రమ పాఠశాలల ఏడో తరగతి చదివే మా చెల్లె పక్కన కూర్చుంది. సినిమా అయిపోయినంక అడిగింది, "అన్నా, భీంకు చదువు రాకుండెనా? రామే నేర్పిచ్చిండా?"

నేను చెప్పిన. మన దిక్కు పెద్దలు చెప్పుకునే దాంట్ల భీం చాందా దిక్కు పోయినప్పుడు విఠోబా అనే పత్రిక నడిపే ఆయన దగ్గర పని చేసుకుంటనే రాయడం, చదవడం నేర్చుకున్నడు. ఆ తర్వాత అస్సాం తేయాకు తోటల దాకా పోయొచ్చిండు. భీం పోయినంక, గోండులు ఎందుకు తిరగబడ్డరో తెలుసుకోమని నిజాం సర్కారు హైమన్‌డార్ఫ్‌ను పంపింది. ఆయన చెప్పినంకనే 1943ల మార్లవాయిల మనోళ్లకు టీచర్ ట్రైనింగ్ మొదలైంది, గోండిల వాచకాలు వచ్చినయి. "అంటే ముందు కొట్లాట, తర్వాత బడి" అన్నది మా చెల్లె. నేను ఇంత పొడుగు చెప్పింది అది ఒక్క ముక్కల చెప్పింది.

ఇది చిన్న విషయం అనుకోకండి. మా ఇంట్ల కాలేజీ మెట్లు ఎక్కిన మొదటోడిని నేనే. "మీకేందిరా, హాస్టల్ ఇచ్చిండ్రు, స్కాలర్‌షిప్ ఇచ్చిండ్రు" అని క్లాసుల వినని నెల ఉండదు. ఆ "ఇచ్చిండ్రు" అన్న మాట, సినిమా ఆఖరి సీను, రెండూ ఒకే తీరుగ ఉన్నయి. మా బాపు వేలిముద్రే వేస్తడు. కానీ పోడు పట్టా కోసం ఎన్నిసార్లు దరఖాస్తు రాయించిండో, ఏ సారు ఏ రోజు ఏమన్నడో తారీఖులతోని చెప్తడు. చదువు రానోడు వేరు, తెలివి లేనోడు వేరు. ఏడో తరగతి పిల్ల మనసుల ఈ రెండూ ఒకటైపోతే, రేపు క్లాసుల ఆమె చెయ్యి పైకి లేవదు. నా భయం అదే.

మళ్లీ చూస్తే విలువ పెరిగే సినిమాలు కూడా ఉంటయి. 2021ల వచ్చిన జై భీమ్ తీసుకోండి. అది తమిళనాడు ఇరులర్ల కథ. మొదటిసారి చూసినప్పుడు నా కండ్లు అన్నీ సూర్య వాదించే కోర్టు సీన్ల మీదనే. మళ్లీ చూసినప్పుడు సినతల్లి దిక్కు చూసిన. పోలీసులు జీపెక్కమని బతిమిలాడినా ఎక్కకుండ, కడుపుతో ఉన్న మనిషి నడుస్తనే ఉంటది, జీపు వెనక వస్తనే ఉంటది. డబ్బులు ఇస్తం, కేసు ఇడువమంటే ఇడువదు. కేసు నడిపింది వకీలే, కానీ ఇడువకుండ పట్టుకున్నది ఆమె. ఆఖరికి ఆ చిన్న పిల్ల వకీలు ముందర కుర్చీల కూర్చొని, కాలు మీద కాలేసుకొని పేపర్ పట్టుకుంటది. అక్కడ కూడా ఒక పెద్దమనిషి సాయం ఉంది. కానీ ఆ పిల్ల తల వంచుకొని అడుక్కోదు. మా చెల్లెకు ఆ సీను రెండుసార్లు వెనక్కి తిప్పి చూపించిన.

ఆర్ఆర్ఆర్ చూడొద్దు అని నేను అంటలేను. కొరడా పాటకు ఇప్పటికీ నా రోమాలు లేస్తయి. ఒకే సినిమా మీద ఇష్టం, కోపం రెండూ ఉండొచ్చు. ఏదో ఒక్కటే పట్టుకోవాలె అని ఎవరన్నా అంటే వినకండి. మళ్లీ చూసేటప్పుడు మాత్రం ఇంట్ల చిన్నోళ్లను పక్కన కూర్చోబెట్టుకోండి, వాళ్లు ఏం అడుగుతరో వినండి.

ఇంకో మాట. ఆశ్వయుజ పౌర్ణమికి జోడేఘాట్ వచ్చేటోళ్లు మీ తాతలను, అవ్వలను భీం గురించి అడిగి రాసుకొని రండి. గోండిల చెప్తే గోండిలనే రాయండి. ఒక్క పేజీ అయినా సరే, ఇక్కడ పెట్టండి. మా చెల్లెకు చదివి వినిపిస్త.

జై సేవా. జై కొమురం భీం.