గాజుతొట్టిలోని చేపలు – వాని రోగములు



పసిబిడ్డ నలతగా నున్నచో ఏడ్చి తెలుపును. ఆవు మేత మాని తెలుపును. గాజుతొట్టిలోని చేపకు మనము వినగల గొంతు లేదు. దాని బాధను మన కన్నులే కనిపెట్టవలెను. నేడు పెక్కు గృహములలో వసారా యందో, నడిమియింటనో గాజుతొట్టియు, అందు నాలుగు బంగారు చేపలును కానవచ్చుచున్నవి. ముచ్చటపడి తెచ్చునది పిల్లలును పురుషులును; మేత వేయుట, నీరు మార్చుట మాత్రము మన పాలబడుచున్నది. కావున వాని రోగములను గూర్చి కొంత తెలిసియుండుట మనకే యవసరము.

మేము నివసించునది ఆర్మూరు. నవనాథ సిద్ధుల గుట్ట క్రింది యూరు. పసుపు త్రవ్వి, ఉడికించి, ఎండబోయు దినములలో చుట్టుప్రక్కల కల్లములన్నియు పచ్చబారియుండును. ఇచ్చట వేలు తెగినను పసుపే, కాలు బెణికినను పసుపే. చేప యొడలిపై మచ్చ కనబడగనే తొట్టిలో చిటికెడు పసుపు వేయుమని చెప్పువారు మా వీధిలో పలువురు గలరు. 1988వ సంవత్సరమున మన దేశమున బొడచూపిన పుండ్లరోగమునకు చెరువులలో సున్నము, పసుపు కలిపి చల్లుట కలదు. కాని చెరువు వేరు, తొట్టి వేరు. పసుపుపొడి నీటిలో కరగదు. తొట్టి యడుగున పేరుకొని కుళ్ళి, రోగి త్రాగు గాలినే చెరచును. మందునకు పూర్వము చూడదగినది నీరు. చేపజబ్బులలో పెక్కింటికి మూలము నీటిజబ్బే.

ఇందులకు మా యెరుకలోని యొక నిదర్శనము చెప్పెదము. మా వీధిలో నొక యింట కుమారుని పెండ్లికి క్రొత్త తొట్టిని కొని, ఎనిమిది చేపలను వేసిరి. కోడలు కాపురమునకు వచ్చిన మూడవ వారములోపల మూడు చేపలు చచ్చెను. మొదటిదానికి ముసలమ్మలు, “ఇంటికి వచ్చే కీడు అది పట్టుకపోయింది” అని ఓదార్చిరి. మూడవదానికి మాట మారెను. పిల్ల కాలు పెట్టిన వేళ మంచిది కాదనిరి. ఆ పిల్ల సంజవేళ మా యింటికి వచ్చి, “వదినా, మిగిలినవి కూడ పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నయి, నాకు భయమైతుంది” అని కంటనీరు పెట్టుకొన్నది.

మేము ఆ తొట్టినీటిని సీసాలో తెప్పించి, చేపల దుకాణములలో దొరకు పరీక్షచుక్కలను వేసి చూచితిమి. పసుపుపచ్చగా నుండవలసిన నీరు ఆకుపచ్చగా మారెను. అది అమోనియా యను విషము. చేప తన మొప్పలగుండ దీనిని నిరంతరము విసర్జించును. మిగిలిన మేత కుళ్ళినను ఇదే పుట్టును. ప్రాత తొట్టిలో కంటికి కానరాని సూక్ష్మజీవులు దీనిని నైట్రైటుగాను, మరికొన్ని ఆ నైట్రైటును నైట్రేటుగాను మార్చును. నైట్రైటు కూడ విషమే. నైట్రేటు కొలదిగా నున్నచో హాని చేయదు. క్రొత్త తొట్టిలో నీ జీవులు నెలకొనుటకు 4 మొదలు 6 వారములు పట్టును. పాలు పెరుగగుటకు తోడు వలసినట్లే తొట్టికిని తోడు వలయును. పెండ్లితొట్టి తోడుకొనకమునుపే ఎనిమిది చేపల భారము దానిపై బడినది. కోడలి పాదమునకును దీనికిని సంబంధ మేమి?

ప్రతిదినము మూడవవంతు నీరు మార్పించితిమి. మేతను రెండు దినములు మాన్పించి, పిదప రెండు నిమిషములలో తినునంత మాత్రమే వేయించితిమి. మా తొట్టి వడపోత యందలి స్పంజిని సగము కోసి వారి తొట్టిలో నుంచితిమి. మిగిలిన యైదు చేపలును తేరుకొన్నవి. అత్తగారు ఆ రంగునీటి గాజుగొట్టమును తామే మరల మరల చూచి, ఇరుగుపొరుగువారికిని చూపిరి. ఆ మాట మరల నెవ్వరును ఎత్తలేదు.

ఇక నిజమైన రోగములలో మొదట నెన్నదగినది తెల్లచుక్కల జబ్బు. ఒడలిపైనను, తోకపైనను ఉప్పురవ్వలు చల్లినట్లు చుక్కలు తోచును. చేప రాళ్ళకు రాచుకొనును. దీనికి కారణమగు జీవికి ఫూకే యను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు 1876లో పేరిడెను. ఆ జీవి చర్మము క్రింద నుండి తిని బలిసి, రాలి యడుగునకు జేరి, ఒకటి వందలుగా చీలి మరల చేపను వెదకును. అట్లు ఈదులాడు స్థితియందే మందు దానిని చంపగలదు. చుక్కలు మాయమైనవని మందు మానినచో రోగము తిరుగబెట్టుట యిందుచేతనే. లీటరునకు 2 మొదలు 3 గ్రాముల దొడ్డుప్పును వేరుగా కరగించి, ఒక దినములో కొంచెము కొంచెముగా కలుపవలెను. 40 లీటర్ల తొట్టికి 80 మొదలు 120 గ్రాములు. నీటి వేడిమిని మెల్లగా 28, 30 డిగ్రీలకు తెచ్చి, గాలిబుడగల యంత్రమును ఎడతెగక నడుపవలెను. చివరి చుక్క పోయిన తరువాత నింకొక వారము దీనిని సాగింపవలెను. నీటిమొక్కలు, కొన్ని మీసాల చేపలు ఉప్పునకు ఓర్వవు. వానిని వేరుచేయుట మేలు.

అయితే ప్రతి తెల్లచుక్కయు రోగము గాదు. మా యింటి బంగారు చేపకు మొప్పమూతలపైనను, ముందు రెక్కల యంచునను మాత్రమే చుక్కలు వరుసగా కానవచ్చెను. మేత చక్కగా తినుచుండెను. అది మగచేపకు జతకట్టు కాలమున తోచు గురుతు. దానికి మందు వేయలేదు.

రెక్కల కొనలు చీర యంచువలె చిరిగినచో మురికినీటిని అనుమానింపుడు. పొలుసులు సీతాఫలము పైతోలువలె లేచి, పొట్ట ఉబ్బినచో లోని యవయవములు చెడినవని తెలియనగును. అది కుదురుట అరుదు. ఎండకాలమున చేపలు పైకి వచ్చి గ్రుక్కలు మ్రింగినచో వేడినీటిలో ప్రాణవాయువు తగ్గినదని గ్రహింపుడు. 20 డిగ్రీల నీరు లీటరునకు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువును పట్టగా, 30 డిగ్రీల నీరు ఏడున్నరయే పట్టును. మనుష్యుల మాత్రలను నూరి తొట్టిలో వేయకుడు. అవి తోడుజీవులను కూడ చంపును.

నల్లానీటిని వెడల్పుపాత్రలో ఒక దినము నిలువనుంచినచో క్లోరిను పోవును. వడపోత స్పంజిని తొట్టినుండి తీసిన నీటితోనే కడుగుడు. క్రొత్త చేపను మూడు వారములు వేరుతొట్టిలో నుంచి పిమ్మట కలుపుడు. సత్యవ్రతుడు తన దోసిట బడిన చేపపిల్లను కమండలువు చాలక కడవలోనికి, కడవ చాలక మడుగులోనికి మార్చిన కథ మన మెరిగినదే. బంగారు చేప చక్కగా సాకినచో జానెడు పొడవగును. గుండ్రని గాజుచెంబులో దానిని బిగించుట తగదు.

చేప చచ్చినచో శకునము వెదకుటకు ముందు నీటిని చూడుడు. దానివలన మూగప్రాణికి ఆయువు నిలుచును. ఒక్కొక్కప్పుడు నోరుగల యాడుపిల్లకు నింద తప్పును.